చార్టు చదివిన కన్నుకి చూపున్నట్టేనా?

నీటికాసుల జబ్బు గురించి మన దగ్గర స్థిరపడిపోయిన మాట ఒకటుంది. డాక్టర్లు చెప్తారు, పేపర్లు రాస్తాయి, ఏటా మార్చిలో గ్లాకోమా వారోత్సవాలు వచ్చాయంటే బ్యానర్లెక్కుతుంది. ఇది చడీచప్పుడు లేకుండా చూపుని ఎత్తుకుపోయే దొంగ అనీ, చివరిదాకా రోగికి ఏమీ తెలియదనీ ఆ మాట. దాని వెనకాలే, ఎవరూ పైకి అనని నమ్మకం మరొకటి పనిచేస్తూ ఉంటుంది. చార్టులో కింది వరస చదవగలిగినంత కాలం మనిషి రోజువారీ బతుకుకి లోటేమీ లేదన్నది ఆ నమ్మకం. మొదటి మాటలో సగం నిజముంది. రెండోది పూర్తిగా తప్పు. ఆ తప్పు మీదే మన కంటి శిబిరాలు, సర్వేలు, వైకల్య సర్టిఫికెట్లు చాలావరకు నడుస్తున్నాయి. దానివల్ల నష్టపోయేది అందరికన్నా ముందు భేజ్జి లాంటి ఊళ్ల మనుషులు.

భేజ్జి ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కుంట తహసీలులో ఉంది. 2017 మార్చి 11న ఆ దగ్గర్లో రోడ్డు పనికి కాపలా వెళ్లిన సీఆర్‌పీఎఫ్ 219వ బెటాలియన్ జవాన్లు 12 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. మన పేపర్లలో ఆ ఊరి పేరు చాలామంది చదివింది అప్పుడే. అక్కడి జనం ఎక్కువగా కోయలు, దోర్లలు. ఇంట్లో మాట ఏదైనా సంతకీ, ఆసుపత్రికీ, మిరప కోతల కూలికీ సరిహద్దు దాటి చింతూరు, భద్రాచలం వైపు వస్తారు. తెలుగు వాళ్లకి పరాయి భాష కాదు. కాబట్టి వాళ్ల కన్ను సంగతి మనకి పరాయి సంగతి కాదు.

ఆ ఊళ్లలో కంటికి ఏం పని ఉంటుందో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. కోడి కూయక ముందే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. మసక వెలుతురులో, ఎగుడుదిగుడు నేల మీద వంగి, గోలీ కాయంత పువ్వుల్ని ఒక్కొక్కటే ఏరాలి. పువ్వు రంగు పాలిపోయిన పసుపు. ఎండుటాకుల మధ్య పడితే ఆకు ఏదో పువ్వు ఏదో తెలియదు. అందుకే చాలా చోట్ల సీజను మొదట్లోనే చెట్టు కింది ఆకుని కాల్చేస్తారు. నల్లబడిన నేల మీద లేతరంగు పువ్వు తేలిగ్గా కనిపిస్తుంది. అడవికి నిప్పు మంచిదా చెడ్డదా అన్న చర్చ అటుంచితే, ఆ కాల్చడంలో కంటి శాస్త్రం ఉంది. వస్తువుకీ దాని వెనక ఉన్న నేలకీ రంగులో ఎంత తేడా ఉంటే చూపుకి అంత సాయం. ఆ ఏరుకునే మనిషికి కావలసినవి మసకలో చూడగలగడం, కొద్దిపాటి తేడాని పట్టుకోగలగడం, కళ్లని పక్కలకీ కిందికీ తిప్పి నేలంతా వెతకగలగడం, అడుగు ముందున్న వేరునీ రాయినీ చూడకుండానే గమనించి కాలు ఎత్తి వెయ్యగలగడం. పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది. పక్కన పొద కదిలితే ముందు కంటి కొసకే తెలియాలి.

ఇప్పుడు కంటి శిబిరంలో జరిగే పరీక్ష చూడండి. తెల్లటి అట్ట మీద నల్లటి ఆకారాలు. అక్షరం రాని వాళ్లకి తలకిందులుగా, పక్కకీ తిప్పిన ఇంగ్లీషు 'ఈ' ఆకారం చూపించి, దాని కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమంటారు. మనిషి ఆరు మీటర్ల దూరంలో కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు. వెలుతురు బాగుంటుంది. ఎంతసేపైనా చూడొచ్చు. ఈ పరీక్ష కొలిచేది చూపులో నట్టనడి చుక్కని మాత్రమే. ఇప్పచెట్టు కింద అడిగే పనుల్లో ఒక్కటి కూడా ఆ అట్ట అడగదు. నీటికాసులు ముందుగా దెబ్బతీసేది మాత్రం ఆ పనులన్నిటినీ.

ఎందుకలా? కంట్లోంచి మెదడుకి వెళ్లే నరంలో పది లక్షలకి పైగా సన్నటి తంతువులు ఉంటాయి. ఈ జబ్బులో అవి కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటాయి. చూపు పరిధిని కొలిచే పెరిమెట్రీ యంత్రంలో లోపం నమ్మకంగా బయటపడే సమయానికే పావు వంతు నుంచి మూడో వంతు దాకా నరకణాలు పోయి ఉండొచ్చని, చనిపోయినవాళ్లు దానమిచ్చిన కళ్లని పరీక్షించి 2000లో ఒక పరిశోధక బృందం చూపించింది. సాధారణంగా పక్కచూపులో, పైనా కిందా, ముక్కు వైపు ముందు పోతుంది. నడిమి చూపు చివరిదాకా నిలవొచ్చు. అందుకే ఆరుకి ఆరు చదివే మనిషికి కూడా జబ్బు ముదిరిపోయి ఉండొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. నడిమి చూపుకి ఏమీ కాదన్నది కూడా ఇప్పుడు నిలవడం లేదు. న్యూయార్క్‌లో డొనాల్డ్ హుడ్, ఆయన తోటివాళ్లు చేసిన పనిలో చాలామందికి మొదటి దశలోనే, నడిమి చూపునిచ్చే మాక్యులా దగ్గర దెబ్బ కనిపించింది. అక్షరాలు చదవగలిగినా చదివే వేగం తగ్గడానికీ, మొహాలు పోల్చుకోవడం కష్టం కావడానికీ కారణం కొంత అక్కడుంది.

మరి రోగికి ఎందుకు తెలియదు? ఇక్కడే మన బ్యానర్లు తప్పు బొమ్మ వేస్తున్నాయి. మీరూ చూసే ఉంటారు, నడుమ గుండ్రంగా స్పష్టంగా, చుట్టూ నల్లగా సొరంగంలా ఉండే బొమ్మ. నీటికాసుల రోగికి ప్రపంచం ఇలా కనిపిస్తుందని రాస్తారు. అలా కనిపించదు. లండన్‌లో డేవిడ్ క్రాబ్ బృందం 50 మంది రోగులకి రకరకాల బొమ్మలు చూపించి మీకు ఎలా కనిపిస్తోందో ఎంచుకోమంది. ఫలితం 2013లో అచ్చయింది. నల్ల సొరంగం బొమ్మని ఎంచుకున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. నల్లమచ్చల బొమ్మనీ ఎవరూ ఎంచుకోలేదు. ఎక్కువమంది ఎంచుకున్నది కొన్ని చోట్ల మసకబారిన బొమ్మ, కొందరు కొన్ని వస్తువులే లేకుండా పోయిన బొమ్మ. సుమారు నాలుగో వంతు మందికి తమ చూపు పరిధిలో కొంత పోయిందన్న స్పృహే లేదు.

ఇది నమ్మశక్యంగా లేకపోతే ఇప్పుడే చేసి చూడొచ్చు. ఎడమ కన్ను మూసి, రెండు చేతులూ ముందుకి చాపి బొటనవేళ్లు పైకి నిలపండి. కుడికన్నుతో ఎడమ బొటనవేలునే రెప్ప వాల్చకుండా చూస్తూ, కుడి బొటనవేలుని మెల్లగా కుడిపక్కకి జరపండి. జానెడు లోపే ఒకచోట ఆ వేలి కొస మాయమవుతుంది. అక్కడ నల్లమచ్చేమీ కనిపించదు. గోడ ఉంటే గోడే కనిపిస్తుంది. పుట్టినప్పటినుంచీ ప్రతి కంట్లోనూ ఉన్న గుడ్డిచుక్క అది. ఖాళీని చుట్టుపక్కల ఉన్న రంగుతో మెదడు పూడ్చేస్తుంది. నీటికాసులు తెచ్చిన ఖాళీలనీ అలాగే పూడుస్తుంది. పైగా ఒక కంట్లో పోయినచోట రెండో కన్ను చూసి పెడుతుంది. కాబట్టి రోగి "నల్లగా ఉంది" అనడు. ఇందాకటిదాకా ఖాళీగా కనిపించిన దారిలో రాయి ఎలా వచ్చిందో అర్థంకాక నిలబడతాడు. సొరంగం బొమ్మ చూసి, నాకు అలా నల్లగా ఏమీ లేదు కదా అనుకుని ఇంటికి పోయే మనిషికి ఆ బ్యానరు చేసిన మేలేమిటి? కీడే చేసింది.

ఇక చడీచప్పుడు లేదన్న వాదన. మొదటి దశలో చాలామందికి నిజంగానే ఏమీ తెలియదు. దాన్ని నేను కాదనను. కానీ జబ్బు ముదిరే కొద్దీ మనిషి చెప్తూనే ఉంటాడు. వినేవాళ్లకే అది కంటి జబ్బులా వినిపించదు. సరిహద్దు ఊళ్ల కోసం పెట్టిన ఒక శిబిరంలో ఇలాంటి మాటలు నా చెవిన పడ్డాయి. ఒక అవ్వ 'ఈ' అట్టలో చివరి రెండు వరసలు తప్ప అన్నీ చూపించింది.

"చూపు బాగానే ఉందవ్వా. నీకేం ఇబ్బంది?" అన్నాడు చార్టు చూపిస్తున్న కుర్రాడు.

"పొద్దుగూకితే కాలు ఆడదు నాయనా. కల్లంలో దూడ కట్టేసి ఉంటే దాని మీదే పడ్డాను. ఇంట్లోకొస్తే చాలాసేపు ఏమీ కనపడదు. చేతిలో గింజ జారితే మళ్లీ దొరకదు."

"వయసు మీద పడింది గదవ్వా. మునగాకు తిను."

దగ్గర చూపు అద్దాలిచ్చి పంపించారు. ఆ అవ్వకి నీటికాసులే అని నేను చెప్పలేను. రేచీకటి కావొచ్చు, శుక్లం కావొచ్చు. కానీ ఆమె చెప్పిన నాలుగు మాటల్లో ఒక్కటి కూడా శిబిరం చీటీ మీదికి ఎక్కలేదు. ఎక్కించడానికి చీటీలో గడి లేదు.

ఆ నాలుగు మాటలూ ఈ జబ్బు చదువుకున్నవాళ్లకి కొత్తవి కావు. పాట్రీషియా నెల్సన్, ఆమె తోటి పరిశోధకులు రోగుల మాటల్ని వాళ్ల చూపు పరిధి నష్టంతో పోల్చి 15 ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేశారు. ప్రపంచమంతా వాడుతున్నారు. చీకటిపడ్డాక నడవడం, రాత్రిపూట చూడటం, గతుకు నేల మీద నడక, ఎక్కువ వెలుగుకి కన్ను అలవాటు పడటం, తక్కువ వెలుగుకి అలవాటు పడటం, ఎండలోంచి చీకటి గదిలోకి రావడం, వస్తువులకి కాలు తగిలి తూలడం, పక్కనుంచి వచ్చేదాన్ని గమనించడం, రోడ్డు దాటడం, మెట్లెక్కడం, గుద్దుకోవడం, అడుగుకీ గట్టుకీ మధ్య దూరం అంచనా వేయడం, కిందపడ్డ వస్తువు వెతకడం, మొహాలు పోల్చుకోవడం. పదిహేనోది పేపరు చదవడం. పదిహేనింటిలో చార్టు చెప్పగలిగింది ఆ చివరి ఒక్కదాని గురించే, అదీ కొంతే. మిగిలిన వాటిలో రోడ్డు దాటడం పక్కన పెడితే ప్రతిదీ భేజ్జిలో తెల్లారింది మొదలు రాత్రి దాకా జరిగే పనే.

అడవిలో ఉండేవాళ్లు కారు నడపరు, పుస్తకాలు చదవరు, వాళ్లకి పక్కచూపు కొంచెం తగ్గితే వచ్చే నష్టమేమిటని అడిగేవాళ్లున్నారు. ఇంత సూటిగా ఎవరూ అనకపోయినా, ఎవరికి ముందు వైద్యం అందాలి అన్న లెక్కలో ఈ అభిప్రాయం పనిచేస్తూనే ఉంటుంది. ఇది తలకిందులు లెక్క. చదునైన ఫుట్‌పాత్, ట్యూబులైటు, మెట్ల పక్కన కమ్మీ ఉన్న పట్నంలోనే ఈ జబ్బు మనుషుల్ని పడేస్తోంది. కెనడాలో హేమ్స్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బు లేనివాళ్లతో పోలిస్తే రోగులు అంతకుముందు ఏడాదిలో కిందపడి ఉండే అవకాశం మూడు రెట్లకి పైగా ఉంది. ఆస్ట్రేలియాలో బ్లాక్, వుడ్ చేసిన పనిలో చూపు కింది సగం పోయినవాళ్లే ఎక్కువగా పడుతున్నారని తేలింది. కింది సగం అంటే కాళ్ల ముందున్న నేల. అమెరికాలోని సాలిస్‌బరీ పట్టణంలో వృద్ధుల్ని అడ్డంకులున్న దారిలో నడిపించి చూస్తే, రెండు కళ్లకీ ఈ జబ్బున్నవాళ్లు నెమ్మదిగా నడిచారు, ఎక్కువగా గుద్దుకున్నారు. అవి సిమెంటు నేలలు. భేజ్జి నేల వేర్లు, రాళ్లు, వరి గట్లు, వాగులు. వాగు దాటేటప్పుడు నీళ్ల కింద రాయికీ నీటికీ ఉన్న కాస్త తేడా మీద ప్రాణం ఆధారపడుతుంది.

అక్కడ ఇంకో సంగతి ఉంది, పట్నంలో దీని గురించి ఎవరూ ఆలోచించరు. ఆ దారుల వెంట బలగాల క్యాంపులున్నాయి, తనిఖీలున్నాయి. పక్కనుంచి ఒకతను ఆగమని చెయ్యెత్తితే పక్కచూపు లేని మనిషికి ఆ చెయ్యి కనపడదు. పిలిస్తే తల తిప్పి వెతుక్కోవాలి, వెతుక్కునేలోపు రెండడుగులు ముందుకి పడతాయి. సాయంత్రం మసకలో ఎదురొచ్చినవాడి మొహం పోల్చుకోలేడు. మాట వినలేదనో, తడబడుతున్నాడనో అనుమానం రావడానికి ఇది చాలు. కారు నడపని మనిషికి పక్కచూపుతో పనేముంది అనేవాళ్లు ఈ దారిలో ఒక్క సాయంత్రం నడిచి చూడాలి.

పడటం ఒక్కటే నష్టం కాదు. పడతానన్న భయం పెద్దది. జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రదీప్ రాములు బృందం రోగుల నడుముకి నడక కొలిచే పరికరాలు కట్టి, ఫోన్ల ద్వారా వాళ్ల రాకపోకలు గమనించి, చూపు పరిధి తగ్గిన కొద్దీ వేసే అడుగులూ ఇల్లు దాటి వెళ్లే సందర్భాలూ తగ్గుతాయని చూపించింది. దీన్ని మన ఊళ్ల భాషలో చెప్పాలంటే, మిరప కోతల లారీ ఎక్కడం మానేసిన మనిషి, సంతకి కోడల్ని పంపే అత్త, పొద్దుగూకితే గుమ్మం దాటని తాత. ఇంట్లోవాళ్లు దాన్ని ముసలితనమంటారు, బద్ధకమంటారు. మిరప కోతలో ఆకుల మధ్య కాయ వెతకలేక పక్కవాళ్లకంటే సగం బస్తా తక్కువ కోసే కూలిమనిషిని మేస్త్రీ పని చేతకానిదంటాడు. చార్టు మాత్రం వాళ్లందరి చూపూ బాగుందంటుంది.

ఇంకో నమ్మకాన్ని కూడా ఇక్కడే తీసెయ్యాలి. కంటి ప్రెషర్ చూశారు, బాగానే ఉంది, కాబట్టి నీటికాసులు లేవన్నది. మన తెలుగు నేల మీదే దీనికి జవాబుంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించి చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం ప్రపంచంలో పేరున్నది. హైదరాబాదు భాగంలో తేలిన ఓపెన్ యాంగిల్ రకం నీటికాసుల రోగుల్లో పదింట తొమ్మిది మందికి పైగా తమకి జబ్బుందని అంతకుముందు తెలియదు. అందులో సగం మందికి అప్పటికే తీవ్రమైన నష్టం జరిగిపోయింది. అలా కొత్తగా బయటపడ్డవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి ప్రెషర్ మామూలుగా లెక్కించే 22 లోపే ఉంది. అంటే ప్రెషర్ ఒక్కటే చూసి పంపించి ఉంటే ముగ్గురిలో ఇద్దరు చేజారేవారు. రాజధాని నగరంలో, పెద్దాసుపత్రులకి కూతవేటు దూరంలో ఉన్నవాళ్ల సంగతి ఇది.

సగం మందికి తీవ్ర నష్టం జరిగాక కూడా పదింట తొమ్మిది మందికి తెలియలేదంటే, చూశారా, చడీచప్పుడు లేని జబ్బే కదా అని వాదించేవాళ్లు ఉంటారు. ఆ అంకెలు చెప్పేది జబ్బు పేరు వాళ్లకి ఎవరూ చెప్పలేదని. చీకట్లో తడుముకోలేదని, పడలేదని, మొహాలు పోల్చుకోవడంలో తికమక పడలేదని ఆ అంకెలు ఎక్కడా చెప్పవు. రోగం పేరు తెలియకపోవడం వేరు, రోగంతో బాధ లేకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడటమే నేను ఖండించే వాదన అంతా. పైగా కంట్లో నీరు బయటికి పోయే యాంగిల్ మూసుకుపోయే రకం నీటికాసులు మన దేశంలో తక్కువేమీ కాదు. అది ఒక్కసారిగా వచ్చినప్పుడు కన్ను ఎర్రబడి, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. ఆ రోగిని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే తలనొప్పికో పైత్యానికో మందు ఇచ్చి పంపుతారు. రోజుల్లోనే కన్ను పోవచ్చు. ఇది కూడా చప్పుడు లేని దొంగతనమేనా?

చార్టు మీద ఆధారపడటం శిబిరాలతో ఆగలేదు. దేశంలో అంధత్వం ఎంతో తేల్చిన 2015-19 జాతీయ సర్వే 50 ఏళ్లు దాటినవాళ్లలో అంధత్వానికి మూడింట రెండు వంతులు శుక్లాలే కారణమంది. నీటికాసుల వాటా 5.5 శాతమంది. ఆ సర్వే పద్ధతిలో చూపుని కొలిచేది చార్టుతో, చూపు పరిధిని కొలవరు. ఇంటింటికీ తిరిగే సర్వేలో పెరిమెట్రీ యంత్రం మోసుకెళ్లడం కుదరదు, అది నాకూ తెలుసు. కానీ అలా వచ్చిన అంకెని పట్టుకుని నీటికాసులు చిన్న సమస్య అని నిధులు కేటాయించేటప్పుడు మాట్లాడటం అన్యాయం. నడిమి చూపు కూడా పోయాకే ఆ లెక్కలోకి ఎక్కిన రోగులు వాళ్లు. నడిమి చూపుతో, పక్కచూపు లేకుండా తిరుగుతున్నవాళ్లు ఆ 5.5లో లేరు.

చట్టం ఈ విషయంలో మన శిబిరాలకంటే ముందుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు పరిధి 40 డిగ్రీల లోపుకి పడిపోతే దాన్ని అల్పదృష్టిగా, 10 డిగ్రీల లోపైతే అంధత్వంగా గుర్తిస్తుంది, చార్టు ఎంత చదివినా సరే. కాగితం మీదున్న ఆ హక్కు అందాలంటే ఎవరో ఒకరు ఆ డిగ్రీలు కొలవాలి. కొలిచే యంత్రం ఎక్కడో పట్నంలో, చార్టు మాత్రం ప్రతి శిబిరంలో ఉన్నంతకాలం ఆ సెక్షను రోగికి పింఛనుగా మారదు. తెలంగాణలో ప్రభుత్వం పెట్టిన కంటి పరీక్షల కార్యక్రమం కంటివెలుగు 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలై కోటిన్నర మందికి పైగా కళ్లు చూసింది. చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కించలేని లక్షల మందికి అద్దాలు అందడం చిన్న మేలు కాదు. అంత మంది కళ్లముందుకొచ్చి కూర్చున్నప్పుడు రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగి, కంటి నరం ఒక్కసారి చూడగలిగి ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. అద్దాల సంఖ్యే ఆ కార్యక్రమానికి గుర్తుగా మిగిలింది.

నా వాదనకి గట్టి ఎదురువాదన ఒకటుంది, దాన్ని తప్పించుకోను. శుక్లం ఆపరేషన్ పావుగంటలో పోయిన చూపుని తెచ్చిపెడుతుంది, ఖర్చు తక్కువ. నీటికాసుల వల్ల పోయింది తిరిగి రాదు, జీవితాంతం మందు వాడాలి. భేజ్జి లాంటి చోట ఉన్న కొద్దిపాటి డాక్టర్ల సమయాన్ని దేనికి ఖర్చుపెట్టాలి? శుక్లానికే అంటారు. నేనూ శుక్లాన్ని ఆపమనను. కానీ ఇవి రెండు వేరు వేరు క్యూలు కావు. శుక్లం కోసం వచ్చినవాడి కంటికి ఎలాగూ స్లిట్ ల్యాంపు పెడతారు, ఎలాగూ ప్రెషర్ చూస్తారు. కంటిపాపని పెద్దది చేసే మందు చుక్క వేశాక నరం చూడటానికి పట్టేది నిమిషం. ఆ నిమిషం పెట్టకపోతే ఏమవుతుందో చెప్తాను. పొర తీశారు, కట్టు విప్పారు, చార్టు చదివాడు. ఇంటికెళ్లాక కూడా రాత్రిపూట పడుతూనే ఉన్నాడు. ఆపరేషన్ చేయించుకున్నా కన్ను బాగుపడలేదన్న మాట ఊరంతా పాకుతుంది. పక్కింటివాడు శుక్లానికి కూడా రాడు. నీటికాసుల్ని వదిలేస్తే శుక్లం పనికే దెబ్బ.

పోయింది రాదు కదా, ఇక చెప్పి ఏం లాభం అన్నది ఇంకా దారుణమైన మాట. పోయింది రాదు కాబట్టే మిగిలింది కాపాడాలి. ఆ కాపాడటం ఎలా అన్నది కూడా ఇప్పుడు మారింది. లాటానోప్రోస్ట్ చుక్కల సీసాలు చాలావాటిని తెరిచేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు నిలకడ లేని ఊరికి అవి కష్టం. టిమొలాల్ చౌక, ఫ్రిజ్ అక్కర్లేదు, ఉబ్బసం ఉన్నవాళ్లకి పనికిరాదు, రోజూ వెయ్యాలి. ఇలాంటి ఊళ్లకి టాంజానియాలోని కిలిమంజారో ప్రాంతంలో చేసిన ప్రయోగం చదవదగ్గది. ముదిరిన రోగుల్లో కొందరికి టిమొలాల్, కొందరికి ఎస్ఎల్‌టీ అనే లేజర్ చికిత్స ఇచ్చారు. ఏడాది తర్వాత టిమొలాల్ వాడినవాళ్లలో 31 శాతం కళ్లలో ఫలితం నిలిస్తే, లేజర్ చేసినవాళ్లలో 61 శాతం కళ్లలో నిలిచింది. 2021లో అది లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. యూరప్‌లో కాదు, టాంజానియాలో జరిగిన పని. పల్లెవాళ్లకి నీటికాసుల వైద్యం కుదరదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఈ వైద్యం గురించి మాట్లాడుతూ మందుల షాపు ఊసు ఎత్తకపోతే తప్పు. కన్ను ఎర్రబడితే, దురద పుడితే చీటీ లేకుండా అమ్మే చుక్కల్లో డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. హాయిగా ఉందని నెలల తరబడి వేసుకునేవాళ్లున్నారు. ప్రతి వేసవికీ కళ్లు దురదపెట్టే పిల్లలకి తల్లులు వేస్తారు. వాటివల్ల కంటి ప్రెషర్ పెరిగి, పదేళ్ల పిల్లల నరం ఎండిపోయిన కేసులు మన కంటి ఆసుపత్రుల్లో అరుదు కాదు. ఆ పిల్లలూ బోర్డు మీద రాసింది చదువుతారు. ఆటలో పక్కనుంచి వచ్చే బంతి కనపడక దెబ్బ తింటారు.

కాబట్టి కుంట, చింతూరు, భద్రాచలం చుట్టూ జరిగే ప్రతి శిబిరంలో చీటీ మారాలి. చార్టు ఉండనివ్వండి. దాని కింద నాలుగు గడులు చేర్చండి. చీకటిపడ్డాక నడవడం భయమా, ఎండలోంచి ఇంట్లోకొస్తే చూపు కుదురుకోవడానికి చాలాసేపు పడుతోందా, ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు, కిందపడ్డది వెతకడం కష్టంగా ఉందా. ఈ ప్రశ్నలు కోయలోనూ తెలుగులోనూ, వాళ్ల పనుల పేర్లతో అడగాలి, ఇప్పపువ్వు ఏరగలుగుతున్నావా అవ్వా అని. మన దేశపు రోగుల మాటల నుంచే తయారుచేసిన 33 ప్రశ్నల ఇండియన్ విజన్ ఫంక్షన్ ప్రశ్నావళి 2005లోనే అచ్చయింది, అంటే పునాది ఉంది. ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, నాలుగు మూలల్లో వేళ్లు చూపించి ఎన్ని అని అడిగే పరీక్షకి యంత్రం అక్కర్లేదు. మొదటి దశ దానికి అందదు, ముదిరినవి చాలావరకు అందుతాయి. ప్రశ్నలకి ఏమీ లేదన్నవాళ్లకి కూడా నలభై దాటితే నరం చూడాలి, ఎందుకంటే మొదటి దశ ఏ ప్రశ్నకీ దొరకదు. అనుమానం వచ్చినవాళ్లని "పెద్దాసుపత్రికి వెళ్లండి" అని నోటిమాటగా పంపకుండా, తేదీ వేసి, బండి ఏర్పాటు చేసి పంపాలి.

ఒక రోగి దొరికితే అతని అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని, పిల్లల్ని పిలిపించాలి. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ అధ్యయనంలో రోగుల తోబుట్టువులకీ పిల్లలకీ జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు 9 రెట్లు ఎక్కువని 1998లో లెక్కకట్టారు. ఊరంతా వెతకడం కష్టమైనచోట ఇంతకంటే సులువైన దారి లేదు. భేజ్జి చుట్టుపక్కల అది అనుకున్నంత సులువు కాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ ప్రాంతం ఊళ్లకి ఊళ్లే చెదిరిపోయాయి. చాలామంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు, మనం వాళ్లని గుత్తికోయలంటాం. అన్న సుక్మాలో, తమ్ముడు భద్రాద్రి కొత్తగూడెం అడవిలో, చెల్లెలు మిరప తోటల వెంట. అన్నకి జబ్బు తేలితే ఆ కబురు తమ్ముడి గూడేనికి చేర్చే బాధ్యత ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య శాఖదో, తెలంగాణ శాఖదో, ఆంధ్రదో ఎవరూ ఇప్పటిదాకా తమదని చెప్పలేదు. మూడు శాఖలూ కూర్చుని ఆ కబురు చీటీ ఎవరి చేతికి ఎలా వెళ్లాలో రాసుకోవాలి. ఆ తమ్ముడు ఏ శిబిరానికైనా వస్తే ఈసారి అట్ట చదివించి పంపెయ్యకుండా, అతని కంటి నరం చూడాలి.